బ్రాంచ్ పేరు మారింది.. పనంతా మాయమైంది!

కోడ్ రాయడం ఎక్కడైనా నేర్పుతారు. ఇంకొకరు చేసిన సవరణను చదివి, అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఫ్రెషర్‌గా చేరిన కొద్ది రోజులకే అవసరమయ్యేది అదే.

"గిట్ వచ్చా?"

క్యాంపస్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు మనవాళ్లలో చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు: "వచ్చు సర్. యాడ్, కమిట్, పుష్." అవతలి మనిషి అక్కడితో వదలరు. "బ్రాంచ్ అంటే ఏంటి?" అంటారు. "కోడ్‌కి ఇంకో కాపీ సర్" అంటాం. "మరి బ్రాంచ్ పేరు మారిస్తే లోపల ఏం జరుగుతుంది?" ఇక్కడికి వచ్చేసరికి నోరు పెగలదు.

ఆ మూడో ప్రశ్న అంత తేలికైంది కాదు. గిట్ తయారుచేసినవాళ్లే ఒకప్పుడు అక్కడ తప్పులో కాలేశారు. 2016లో ఆ బగ్‌ను సరిచేశారు. ఆ సవరణ, దానికి రాసిన టెస్ట్, ఎందుకు మార్చారో చెప్పే కమిట్ సందేశం.. అన్నీ ఇప్పటికీ ఎవరైనా చూడొచ్చు. మీరు ఓడలరేవులోనో చెయ్యేరులోనో ఇంజినీరింగ్ చదువుతుండొచ్చు, అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో డిగ్రీ కంప్యూటర్స్ చేస్తుండొచ్చు. ఆ సవరణ ఇవాళ మీ దగ్గరికే రివ్యూకి వచ్చిందనుకోండి. ఎక్కడ మొదలుపెడతారు?

బ్రాంచ్ అంటే 41 బైట్ల చీటీ

ముందు కాస్త నేపథ్యం. లినక్స్ కెర్నల్ బృందం వాడుకుంటున్న బిట్‌కీపర్ అనే టూల్‌కి ఉచిత అనుమతి పోవడంతో, లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ మొదలుపెట్టారు. ఆ ఏడాది జూలై నుంచి దాని బాధ్యత జూనియో హమానో చూస్తున్నారు. ఇది ఓపెన్ సోర్స్. గిట్‌హబ్ వేరు, గిట్ వేరు. ఈ తేడా తెలియక ఇంటర్వ్యూల్లో దొరికిపోయేవాళ్లు తక్కువేం కాదు.

ఇక బ్రాంచ్. కోనసీమ వాళ్లకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు, మనం పుట్టిందే పాయల మధ్య. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. గిట్‌లో కూడా కోడ్ ఇలాగే పాయలుగా చీలుతుంది. కాకపోతే మన పాయలు ఎవరి దారిన వాళ్లు సముద్రంలో కలుస్తాయి, గిట్ పాయల్ని మళ్లీ ఒకదాంట్లో ఒకటి కలపొచ్చు.

అసలు విషయం ఇంకోటి ఉంది. గిట్‌లో బ్రాంచ్ అంటే పాయలో నీరు కాదు, ఒడ్డున పాతిన పేరు బోర్డు. మీ పనంతా కమిట్లలో ఉంటుంది. బ్రాంచ్ అనేది "ఈ పేరుతో చివరి కమిట్ ఇదీ" అని రాసిపెట్టిన ఒక చిన్న ఫైల్. మామూలు రిపోజిటరీలో అందులో ఉండేది 40 అక్షరాల కమిట్ నెంబరు, చివర ఒక కొత్త లైను. మొత్తం 41 బైట్లు. నమ్మకం లేకపోతే మీ ప్రాజెక్టులో డాట్ గిట్ ఫోల్డర్ తెరిచి, రెఫ్స్ లోపల హెడ్స్ అనే ఫోల్డర్లో చూడండి. ఇప్పుడే కమిట్ చేసిన బ్రాంచ్‌నే వెతకండి. పాతవాటిని గిట్ ఒక్కోసారి ఒకే ఫైల్లో మూటకట్టేస్తుంది.

మరి ప్రస్తుతం మీరు ఏ బ్రాంచ్‌లో ఉన్నారో గిట్‌కి ఎలా తెలుస్తుంది? దానికి ఇంకో చీటీ ఉంది. పేరు హెడ్. అందులో కమిట్ నెంబరు ఉండదు, "ఫలానా బ్రాంచ్‌ని చూడు" అని పేరు మాత్రం ఉంటుంది. అంటే గిట్ ముందు హెడ్ చదువుతుంది, అందులో ఉన్న పేరుతో బ్రాంచ్ చీటీ తెరుస్తుంది, అక్కడి నుంచి కమిట్‌కి వెళ్తుంది. పేరు మార్చడంలో ప్రమాదం ఎక్కడుందో ఈపాటికి కొందరికి తట్టి ఉంటుంది.

హెడ్ ఒక్కటే అనుకున్నారు

బ్రాంచ్ పేరు మార్చే కమాండ్ "గిట్ బ్రాంచ్ -ఎం". పాత పేరు, కొత్త పేరు ఇస్తే చాలు. అది బ్రాంచ్ చీటీ పేరు మారుస్తుంది. దాని చరిత్ర ఫైల్‌ను, సెట్టింగుల్లో ఉన్న పేరును కూడా మారుస్తుంది. మీరు ఆ బ్రాంచ్ మీదే ఉంటే హెడ్‌లో పేరు కూడా సరిచేస్తుంది. చాలా ఏళ్లు ఇది సాఫీగానే నడిచింది.

2015 జూలైలో గిట్ 2.5 వచ్చింది. దాంతోపాటు "వర్క్‌ట్రీ" అనే సదుపాయం వచ్చింది. ఒకే రిపోజిటరీకి రెండు మూడు ఫోల్డర్లు పెట్టుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో బ్రాంచ్ తెరుచుకోవచ్చు. ఒక ఫోల్డర్లో కొత్త ఫీచర్ రాస్తూ, పక్క ఫోల్డర్లో అర్జెంటు బగ్ చూసుకోవచ్చు. చాలా మంచి సదుపాయం. కాకపోతే ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో హెడ్ ఉండాలి. అప్పటిదాకా హెడ్ అంటే ఒక్కటే అన్న లెక్కతో రాసిన పాత కోడ్‌కి ఈ సంగతి తెలియదు.

ఫలితం ఇదీ. మొదటి ఫోల్డర్లో కూర్చుని, రెండో ఫోల్డర్లో తెరిచి ఉన్న బ్రాంచ్ పేరు మార్చారనుకోండి. బ్రాంచ్ చీటీ పేరు మారిపోయింది. రెండో ఫోల్డర్ హెడ్‌లో మాత్రం పాత పేరే ఉండిపోయింది. ఆ పేరుతో ఇప్పుడు బ్రాంచ్ లేదు. హెడ్‌లో పేరుండి బ్రాంచ్ లేకపోతే గిట్ దాన్ని "ఇంకా పుట్టని బ్రాంచ్" కింద లెక్కేస్తుంది. అక్కడికెళ్లి స్టేటస్ అడిగితే ఇంకా ఒక్క కమిట్ కూడా లేదంటుంది. మీ ఫైళ్లన్నీ కొత్తగా చేర్చినవన్నట్టు చూపిస్తుంది. వర్క్‌ట్రీల జాబితా తీస్తే కమిట్ నెంబరు ఉండాల్సిన చోట వరసగా సున్నాలు.

ప్రాజెక్టు వైవా ముందు రాత్రి ఈ స్క్రీన్ చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. "ఒరేయ్, మూడు నెలల కోడు పోయిందిరా" అని ఫ్రెండ్‌కి ఫోన్ చేయడం ఖాయం. నిజానికి పోలేదు. కమిట్లన్నీ కొత్త పేరు కింద భద్రంగా ఉన్నాయి. కానీ కంగారులో అక్కడే మళ్లీ కమిట్ కొట్టారా, పాత చరిత్రతో ఏ సంబంధమూ లేని ఒక అనాథ కమిట్ పుడుతుంది. అప్పుడు చిక్కుముడి రెట్టింపు.

మన జిల్లా వాళ్లకి ఈ తలనొప్పి అనుభవమే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది. అంతకుముందు తీసుకున్న సర్టిఫికెట్ల మీద మాత్రం తూర్పు గోదావరి జిల్లా అనే ఉంది. ఆన్‌లైన్ ఫారంలో జిల్లా గడి దగ్గర ఏది ఎంచుకోవాలో తోచక ఆగిపోయిన వాళ్లు మీలోనే ఉంటారు. పేరు ఒకచోట మారితే, దాన్ని చూపించే కాగితాలన్నీ వాటంతట అవే మారవు. మన విషయంలో తూర్పు గోదావరి ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. గిట్‌లో పాత పేరే లేకుండా పోతుంది.

సవరణ వచ్చింది, మీరేం చూస్తారు?

సవరణ ఆలోచన వినడానికి చాలా చిన్నది: బ్రాంచ్ పేరు మార్చినప్పుడు, ఈ ఫోల్డర్ హెడ్ ఒక్కటే కాదు, పాత పేరును చూపిస్తున్న అన్ని వర్క్‌ట్రీల హెడ్‌లనూ మార్చాలి. అంతే. కొత్తవాళ్లు సాధారణంగా ఇక్కడే "లుక్స్ గుడ్" అని రాసేసి వెళ్లిపోతారు. అది రివ్యూ కాదు, హాజరు వేయించుకోవడం.

నన్నడిగితే కోడ్ దగ్గర మొదలుపెట్టొద్దు. ముందు బగ్‌ను మీ కళ్లతో చూడండి. సవరణ లేని వెర్షన్‌లో రెండు ఫోల్డర్లు పెట్టి, పేరు మార్చి, సున్నాలు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే మీరు సమస్యను సరిగ్గా అర్థం చేసుకోలేదనైనా అర్థం, సందేశంలో వివరం సరిపోలేదనైనా అర్థం. రెండూ చెప్పాల్సిన విషయాలే. డాక్టరు రోగిని చూడకుండా మందుల చీటీ బాగుందో లేదో చెప్పలేడు కదా.

తర్వాత కమిట్ సందేశం. గిట్ ప్రాజెక్టు దీన్ని చాలా పట్టించుకుంటుంది. ఇప్పుడు ఏం జరుగుతోంది, అది ఎందుకు తప్పు, ఏం చేస్తే సరవుతుంది.. ఈ వరస ఉండాలి. చేసిన మార్పును "మార్చాను" అని కాకుండా, కోడ్‌కి ఆజ్ఞ ఇస్తున్నట్టు "మార్చు" అన్న ధోరణిలో రాయమని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. మన కాలేజీ ప్రాజెక్టుల్లో "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ లాస్ట్" అని ఉండే సందేశాల్ని వాళ్లకు చూపిస్తే ఏమంటారో!

మూడోది టెస్ట్. అసలు రుచంతా ఇక్కడుంది. గిట్ బ్రాంచ్ కమాండ్ టెస్టుల్లో చాలా "టి3200-బ్రాంచ్" అనే ఒక షెల్ స్క్రిప్టులో ఉంటాయి. ఈ బగ్‌కి సంబంధించిన టెస్ట్ కూడా అందులోనే ఉంది. అది ఏం చేస్తుందంటే, ఒక బ్రాంచ్‌తో ఒక వర్క్‌ట్రీ తెరుస్తుంది. అదే బ్రాంచ్‌ని బలవంతంగా ఇంకో వర్క్‌ట్రీలో కూడా తెరుస్తుంది. ఆ తర్వాత పేరు మార్చి, రెండు చోట్లా హెడ్ కొత్త పేరే చూపిస్తోందా అని అడుగుతుంది.

రెండెందుకు? ఒకటి సరిపోదా? కాసేపు ఆగి ఆలోచించండి. కోడ్ వర్క్‌ట్రీలను వరసగా వెతుకుతూ, పాత పేరున్న మొదటిది దొరకగానే దాన్ని మార్చి ఆగిపోయిందనుకోండి. ఒక్క వర్క్‌ట్రీతో రాసిన టెస్ట్ హాయిగా పాసవుతుంది. రెండోది పెడితేనే ఆ సగం పని దొరికిపోతుంది. సవరణ లేనప్పుడు ఫెయిలవడం, ఉన్నప్పుడు పాసవడం టెస్టుకి కనీస లక్షణం. సవరణ సగమే చేసినా ఫెయిలవడం మంచి టెస్టు లక్షణం. రివ్యూలో మీరు అడగాల్సిన మొదటి పదునైన ప్రశ్న ఇలాంటిదే.

డిఫ్‌లో లేనిది చదవడం

ఇప్పుడు కోడ్. ఎర్రటి లైన్లు పోయినవి, పచ్చటివి వచ్చినవి. వాటిని అందరూ చదువుతారు. మంచి రివ్యూయర్ అక్కడ లేనివాటిని వెతుకుతాడు.

మధ్యలో ఆగిపోతే? పేరు మార్చడం అయ్యాక, హెడ్ మార్చబోతుండగా డిస్కు నిండిందో, ఫైల్ రాసే అనుమతి లేదో. అప్పుడు వాడేవాళ్లకి ఏం తెలుస్తుంది? గిట్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక ఎర్రర్ ఉంది: బ్రాంచ్ పేరు మారింది కానీ హెడ్ మారలేదు అని చెబుతుంది. అన్నీ వెనక్కి తిప్పలేకపోయినా, ఎక్కడ ఆగిందో నిజం చెప్పి ఆగడం పద్ధతి. మీ కాలేజీ ప్రాజెక్టులో ఇలాంటి చోట ఏం రాశారు? "సంథింగ్ వెంట్ రాంగ్" అనేనా?

ఇంతకంటే పెద్ద ప్రశ్న: "హెడ్ ఒక్కటే" అన్న అదే పొరపాటు లెక్క ఇంకెక్కడెక్కడ దాక్కుంది?

పేరు మార్చడంలో ఉంటే బ్రాంచ్‌ను తీసేయడంలోనూ ఉండాలి కదా. ఉంది కూడా. మీరు కూర్చున్న కొమ్మను నరకనివ్వకూడదని గిట్‌లో ముందునుంచీ కాపలా ఉంది. మీరున్న బ్రాంచ్‌ను తీసేయబోతే కుదరదంటుంది. కానీ అప్పట్లో అది ప్రస్తుత ఫోల్డర్‌ను మాత్రమే చూసేది. పక్క ఫోల్డర్లో తెరిచి ఉన్న బ్రాంచ్‌ను నిరభ్యంతరంగా తీసేయనిచ్చేది. దాన్నీ 2016లోనే సరిచేశారు. ఇక్కడ నిర్ణయం వేరే ఉండటం గమనించండి. పేరు మారిస్తే హెడ్‌లన్నీ మార్చేస్తారు. తీసేయబోతే మాత్రం ఒప్పుకోరు. రెండూ ఒకే జబ్బు, వైద్యం మాత్రం వేరు.

మూడోది ఇంకా గమ్మత్తు. రీబేస్ మధ్యలో ఉన్నప్పుడు హెడ్‌లో బ్రాంచ్ పేరే ఉండదు. పని పూర్తయ్యాక ఏ బ్రాంచ్‌కి తిరిగి వెళ్లాలో ఆ పేరును గిట్ వేరే ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. అప్పుడు ఎవరైనా ఆ బ్రాంచ్ పేరు మారిస్తే, హెడ్‌లన్నీ వెతికినా దొరకదు. అందుకని రీబేస్‌లోనో, బైసెక్ట్‌లోనో ఉన్న బ్రాంచ్ పేరు మార్చడానికి గిట్ ఇప్పుడు నిరాకరిస్తుంది. ఇదీ 2016లో వచ్చిన మార్పే. బ్రాంచ్ ఇంకెక్కడైనా వాడుకలో ఉందా అని తేల్చే కోడ్‌ను 2022లో కూడా మళ్లీ మెరుగుపరిచారు. ఒక్క తప్పుడు లెక్క ఎంత దూరం వేళ్లూనుకుంటుందో చూడండి. కొబ్బరి చెట్టు ఒకటి కొట్టినంత మాత్రాన తోటలో తెగులు పోదని మీ ఇంట్లో పెద్దాళ్లకి తెలిసిందే.

సీనియర్ ఇంజినీర్లు రివ్యూలో "ఇదే తప్పు వేరే చోట లేదా?" అని ఊరికే అడగరు.

"రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు

చూసింది సరే, చెప్పడం ఎలా? మనవాళ్లకి రెండు భయాలు. ఒకటి ఇంగ్లిష్. రెండోది, అంత పెద్దవాళ్ల కోడ్‌లో తప్పు పట్టడానికి నేనెవర్ని అన్న బెరుకు.

ఇంగ్లిష్ సంగతి చెప్పాలంటే, రివ్యూలో పెద్ద వాక్యాలు పనికిరావు. నాలుగు చిన్న వాక్యాలు చాలు. ఈ వెర్షన్ మీద మీ సవరణ వేశాను. ఈ మూడు కమాండ్లు ఇచ్చాను. ఇది వస్తుందనుకున్నాను. ఇది వచ్చింది. తెలుగు మీడియంలో చదివినా ఇది రాయగలరు. లెటర్ రైటింగ్‌లో నేర్చుకున్న "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రిగార్డ్స్" అవసరం లేదు. అక్కడ అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు. అది అమర్యాద కాదు, వాళ్ల పద్ధతి.

బెరుకు సంగతికొస్తే, తీర్పు చెప్పకండి, ప్రశ్న అడగండి. "ఇది తప్పు" అంటే అవతలివాళ్లు కోట కట్టుకుంటారు. "రెండు వర్క్‌ట్రీల్లో ఇదే బ్రాంచ్ ఉంటే ఏమవుతుంది?" అంటే ఆలోచనలో పడతారు. మీ ప్రశ్న పొరపాటైనా నష్టం లేదు, జవాబు దొరుకుతుంది. పరీక్షించి చూసినవాళ్ల పేరును "టెస్టెడ్ బై" అనీ, బగ్ చెప్పినవాళ్ల పేరును "రిపోర్టెడ్ బై" అనీ కమిట్ చివర రాసే ఆనవాయితీ ఉంది. ఒక్క లైన్ కోడ్ రాయకుండానే ప్రపంచమంతా వాడే టూల్ చరిత్రలో మీ పేరు చేరే దారి అది.

అలాగని పేరు కోసం పరిగెత్తొద్దు. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో టీషర్ట్ కోసం వేలంవెర్రిగా పనికిమాలిన మార్పులు పంపారు. రీడ్‌మీలో ఒక మాట మార్చడం, ఒక విశేషణం చేర్చడం! ప్రాజెక్టులు నడిపేవాళ్లు మొత్తుకోవడంతో, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసినవే లెక్కలోకి వస్తాయని నిర్వాహకులు మధ్యలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. అలాంటి గిట్‌హబ్ ప్రొఫైల్ ఇంటర్వ్యూలో తెరిస్తే మేలు కన్నా చేటే ఎక్కువ.

ఉద్యోగానికి ఏం పనికొస్తుంది?

కొత్తగా చేరినవాళ్లకి ఏ కంపెనీ కూడా ఖాళీ కాగితం ఇచ్చి సాఫ్ట్‌వేర్ రాయమనదు. ఎప్పుడో ఎవరో రాసిన కోడ్ ఇచ్చి, ఇందులో బగ్ చూడమంటుంది. మీరు రాసిన ప్రతి మార్పూ ఇంకొకరు చూస్తారు, కొన్నాళ్లకి ఇంకొకరిది మీరు చూడాలి. పైగా ఇప్పుడు ఏఐ టూల్స్ నిమిషంలో సవరణ రాసిచ్చేస్తున్నాయి. అది మొదటి వర్క్‌ట్రీ దగ్గర ఆగిపోయే సవరణా, అన్నింటినీ మార్చే సవరణా అని తేల్చేవాళ్ల అవసరం ఇంకా పెరిగింది. రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల కన్నా, "ఈ బగ్‌ను ఇలా పరీక్షించాను, ఈ ప్రశ్న అడిగాను, ఇలా తేలింది" అని లింకుతో సహా చూపించే ఒక్క రివ్యూ గట్టిగా నిలబడుతుంది. దానికి కంపెనీ పెద్దదా చిన్నదా అన్న తేడా లేదు. రావులపాలెంలో హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో రూము తీసుకోవాల్సిన పనీ లేదు.

ఇంకో దారి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. గిట్ ప్రాజెక్టు అందులో చాలా ఏళ్లుగా పాల్గొంటోంది. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లయితే 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లు కూడా దరఖాస్తు చేయొచ్చు. ఎంపికైతే స్టైపెండ్ ఉంటుంది. కానీ గిట్‌కి దరఖాస్తు చేయాలంటే ముందుగా ఒక చిన్న పని చేసి, ఆ సవరణను వాళ్ల రివ్యూకి పంపి, వచ్చిన ప్రశ్నలకు జవాబిచ్చి ఉండాలి. చివరి వారంలో మేల్కొనేవాళ్లకి అది కుదరదు. ముందు ఇతరుల సవరణలు నాలుగు చదివినవాళ్లకి తమది ఎలా రాయాలో తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర్లేదు. విండోస్ అయితే అందులోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకోండి. గిట్ సోర్స్ కోడ్ తెచ్చుకోవడానికి ఒక కొత్త సినిమా డౌన్‌లోడ్‌కి పట్టేంత డేటా కూడా పట్టదు. "మేక్" కొట్టి బిల్డ్ చేయండి. టి అనే ఫోల్డర్లోకి వెళ్లి, అన్ని టెస్టులూ కాకుండా బ్రాంచ్ టెస్ట్ స్క్రిప్ట్ ఒక్కటే నడపండి. అన్నీ "ఓకే" రావాలి. ఇప్పుడు బ్రాంచ్ కమాండ్ కోడ్‌లో వర్క్‌ట్రీల హెడ్‌లను మార్చే ఫంక్షన్‌ని పిలిచే చోటు వెతికి, దాన్ని కామెంట్ చేసేయండి. మళ్లీ బిల్డ్ చేసి అదే స్క్రిప్ట్ నడపండి. ఎక్కడెక్కడ "నాట్ ఓకే" వస్తుందో నోట్ చేసుకుని, ఒక్కో టెస్టూ ఎందుకు పడిపోయిందో మీ మాటల్లో రెండేసి వాక్యాలు రాయండి.